నల్ల సెట్టు, పసుపు సెట్టు

రేడియో సెట్టు ఎంపిక దగ్గర మనుషుల పళ్లు రాలడం ఎక్కడైనా విన్నారా? ఆ క్లబ్బులో రాలాయి. రెండు, అవీ ముందు పళ్లే. రాలినవి బావవి, రాలగొట్టింది సొంత బావమరిది, మధ్యలో నిలబడి చూసింది అక్క. ఇంకా నయం, కన్ను పోలేదని అందరూ సరిపెట్టుకున్నారు. సరిపెట్టుకోవడంలో మనవాళ్లని మించినవాళ్లు లేరు.

క్లబ్బంటే పెద్ద మేడా కాదు, మిద్దే కాదు. కాలిపోయిన మోటార్లకి కాయిల్సు చుట్టే షాపు మీద ఒక గది. షాపు అక్కది. పగలంతా వార్నిషు వాసనలో కూర్చుని, మాడిన రాగి తీగ విప్పి కొత్తది చుట్టి ఇస్తుంది. పై గదిలో ఒక పొడుగు బల్ల, ఒక పాత కంప్యూటరు, గోడకి ఊరి మ్యాపు, కిటికీ బయట ఇనప పైపుకి కట్టిన ఏంటెన్నా. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకుని, సరదా కొద్దీ గాల్లో మాట్లాడుకునే పదమూడు మంది అక్కడ చేరేవాళ్లు. చేతిలో ఫోనుండగా ఈ పిచ్చేమిటని వాళ్ల ఇళ్లల్లో ఆడిపోసుకుంటూనే ఉండేవాళ్లు. ఎవరి పిచ్చి వారికి ఆనందం.

ఆదివారం పది గంటలకి అక్క సెట్టు పట్టుకుని ఒక్కొక్కరినీ పిలిచేది. ఎవరింట్లోంచి వాళ్లు పలికేవాళ్లు. ఆ హాజరు పిలుపు వల్లే చిన్నా పెద్దా అందరికీ ఆవిడ అక్కయింది. అక్క మొగుడు గనక వెల్డింగు షాపాయన అందరికీ బావయ్యాడు. ఫోను టవర్లెక్కి రిపేర్లు చేసేవాడొకడు ఉండేవాడు, వాడు మాత్రం ఆవిడకి నిజంగానే తమ్ముడు. తల్లి పోయేనాటికి వాడికి ఆరేళ్లు. అక్కే తినిపించింది, అక్కే తన్నింది, అక్కే ఇంతవాణ్ణి చేసింది.

క్లబ్బులో పాత సెట్లు ముసలివైపోయాయి. బ్యాటరీలు ఉబ్బి మూతలు పట్టడం లేదు. అందరూ ఒక్కసారే డిజిటల్ చేతి సెట్లకి మారదామనుకున్నారు. ఇక్కడే ఉంది తిరకాసు. డిజిటల్ సెట్టు మన మాటని అంకెలుగా మార్చి పంపుతుంది. ఆ మార్చే పద్ధతి ఒక్కో రకానికి ఒక్కోటి. ఒక రకం సెట్టులో మాట్లాడితే ఇంకో రకం సెట్టుకి బోధపడదు. అందుకని కొంటే అందరూ ఒకే రకం కొనాలి, లేకపోతే అసలు కొనకూడదు.

బల్ల మీదకి రెండు రకాలు వచ్చాయి. నల్లది బావ తెచ్చాడు, పసుపుది తమ్ముడు తెచ్చాడు. నెల్లాళ్లు వాటికి చూపించని నరకం లేదు. బకెట్టు నీళ్లలో ముంచారు, మేడ మీంచి పడేశారు, ఊరి చివరికి తీసుకెళ్లి ఎంత దూరం పలుకుతాయో చూశారు. నల్లదాంట్లో మాట పక్కన కూర్చుని చెప్పినట్టు వినబడుతుంది, గరగర అన్నది లేదు, బ్యాటరీ రెండు రోజులు ఆగుతుంది. కాకపోతే చానెల్ ఒకటి చేర్చాలన్నా తీసేయాలన్నా కంప్యూటరుకి తీగ తగిలించి ఫైలు ఎక్కించాలి. పసుపుది ఇటుకంత బరువు, బ్యాటరీ సాయంత్రానికి చేతులెత్తేస్తుంది. కానీ చానెల్సు అక్కడికక్కడే బొత్తాలు నొక్కి పెట్టుకోవచ్చు.

"కంప్యూటరు పక్కన లేకపోతే చానెల్ పెట్టుకోలేని సెట్టు చేతిలో ఉంటే ఎంత, లేకపోతే ఎంత," అన్నాడు తమ్ముడు. "నేనుండేది టవరు మీద. అక్కడికి కంప్యూటరు మోసుకెళ్లమంటారా?"

"అందరూ నీలాగ కోతుల్లా స్తంభాలెక్కరులే," అన్నాడు బావ.

చేతులెత్తమన్నారు. అటు ఆరు, ఇటు ఆరు. అక్క చెయ్యి మిగిలింది. నిజం చెప్పాలంటే తమ్ముడి మాటలో న్యాయముందని ఆవిడకి తెలుసు. కానీ నల్ల సెట్టుకి ఫైలు రాసే పని క్లబ్బు మొత్తంలో ఆవిడకొక్కదానికే వచ్చు. నల్లదొస్తే పదమూడు సెట్లూ ఆవిడ చేతుల మీదుగా పోవాలి, చానెల్ కావాలంటే ఎవరైనా ఆవిడ దగ్గరికే రావాలి. మనిషన్నాక ఆ మాత్రం గొప్ప ఉంటుంది. నల్లదానికి చెయ్యెత్తింది.

తమ్ముడు అక్క వంక చూశాడు, ఏమీ అనలేదు. బావ కూడా ఊరుకుంటే కథ అక్కడితో అయిపోయేది. ఊరుకుంటే ఆయన బావెందుకవుతాడు? "తల్లి లేని పిల్లాడివని ఇన్నాళ్లూ నెత్తినెక్కించుకుందిరా నిన్ను. నీ బుర్రలో ఏమీ లేదని మీ అక్కకీ తెలిసిపోయింది," అన్నాడు పళ్లన్నీ బయటపెట్టి.

ఆ పళ్ల మీదే పడింది దెబ్బ. పసుపు సెట్టు గుప్పిట్లో ఉండగానే గుద్దాడు తమ్ముడు. ఒక పన్ను బల్ల మీద పడింది, రెండోది ఏమైందో ఆ రోజు ఎవరికీ దొరకలేదు. బావ వెనక్కి తూలి, బల్ల మీద కాగుతున్న సోల్డరింగు కడ్డీ అందుకుని బావమరిది ముంజేతికి ఆనించి అదిమిపెట్టాడు. చర్మం చుయ్యిమంది. తమ్ముడు కుర్చీ ఎత్తాడు. మాస్టారని ఒక పెద్దాయన, బడిలో లెక్కలు చెప్పి రిటైరైనవాడు, అడ్డం వెళ్లి కళ్లద్దాలు పగలగొట్టుకున్నాడు. నలుగురు పట్టి విడదీసేసరికి బల్లంతా రక్తం, గదంతా కాలిన వెంట్రుకల కంపు.

"ఇక నీకూ నాకూ చెల్లు," అన్నాడు తమ్ముడు మెట్ల మీంచి. అది బావతో అన్నాడో తనతో అన్నాడో అక్కకి ఆ రాత్రంతా తేలలేదు.

పోట్లాట అక్కడితో ఆగితే బాగుండేది. క్లబ్బంతా నల్ల సెట్లు కొనుక్కుంది, తమ్ముడు మాత్రం పసుపుదే ఉంచుకున్నాడు. మరుసటి ఆదివారం అక్క హాజరు పిలవడం మొదలుపెట్టిందో లేదో, సెట్లలోంచి రంపంతో రేకు కోస్తున్నట్టు ఒకటే రొద. తమ్ముడు తన పసుపు సెట్టు మాట్లాడే బొత్తాం అదే చానెల్లో నొక్కిపట్టి కూర్చున్నాడు. నల్ల సెట్టయినా పసుపు సెట్టయినా అందులో పాతకాలం పద్ధతి చానెల్ కూడా ఒకటుంటుంది. సాదా చానెల్ అంటారు. అందులో ఏ సెట్టులో మాట్లాడినా ఏ సెట్టుకైనా వినబడుతుంది, గరగరలాడుతూనైనా వినబడుతుంది. పాత అలవాటు పోక వీళ్లు హాజరు సాదా చానెల్లోనే పిలుచుకునేవాళ్లు. దాని మీదకి వాడు డిజిటల్ రొద వదిలేవాడు. హాజరు అయిపోయిందాకా నొక్కిపట్టి, అవగానే వదిలేసేవాడు. అక్క గొంతు నొక్కడానికే పెట్టుకున్న పని అది.

రెండో ఆదివారం బావ వెళ్లి వాడి డాబా మీది ఏంటెన్నా పీకి, మోకాలికేసి విరిచి, వీధిలో పారేసి వచ్చాడు. ఆ మర్నాడు తమ్ముడు వెల్డింగు షాపుకొచ్చి, కస్టమర్ల ముందే బావ చెయ్యి వెనక్కి మెలిపెట్టి, మొహాన్ని గేటు ఊచలకేసి రుద్దాడు. మూడో వారం వాడి మోటారు సైకిలు లైటు పగిలింది. నాలుగో వారం బావ షాపు రేకుల మీద రాళ్లు పడ్డాయి. అక్క ఇద్దరి ఇళ్లకీ తిరిగింది, ఇద్దరినీ తిట్టింది, ఇద్దరి దగ్గరా ఏడ్చింది. ఒకడు తలుపు తియ్యలేదు, ఇంకొకడు అన్నం ముందు నుంచి లేచిపోయాడు. అడకత్తెరలో పోకచెక్క అంటారే, ఆ నెలంతా ఆవిడ బతుకు అదే.

"తీసెయ్ ఆ సాదా చానెల్," అన్నాడు బావ ఒకరోజు. పళ్లు లేక మాట తుస్సుమంటోంది, కోపం మాత్రం తగ్గలేదు.

"తీసేస్తే వేరే రకం సెట్టు వాళ్లు ఎవరు పిలిచినా మనకి వినబడదండీ."

"వేరే రకం ఈ ఊళ్లో ఎవడున్నాడు? వాడొక్కడేగా. వాడు వినబడకూడదనే తియ్యమంటున్నా."

అక్క తీసేసింది. ఒక సాయంత్రం కూర్చుని, ఫైల్లోంచి ఆ ఒక్క వరస చెరిపి, పన్నెండు సెట్లనీ ఒక్కొక్కటిగా తీగకి తగిలించి కొత్త ఫైలు ఎక్కించింది. పోనీ పీడా పోతుంది, ఇక కొట్టుకోరు అనుకుంది. అది మూర్ఖత్వం కాదు, అలసట. ఆ తర్వాత తమ్ముడు ఎంత నొక్కినా రొద రాలేదు. హాజరు అదే ఫ్రీక్వెన్సీ మీద డిజిటల్లో జరిగిపోయేది. ఊళ్లో వాళ్ల సెట్లు దగ్గర కాబట్టి వాడి అడ్డు అంతగా పనిచేసేది కాదు. వాడు నొక్కినప్పుడు సెట్టు నెత్తిన పచ్చ దీపం వెలిగేది, అంతే. "కుక్క మొరుగుతోంది, మనకి చెవుడు," అని బావ నవ్వేవాడు.

ఇప్పుడు అసలు ఆదివారానికొస్తాను.

పది గంటలకి గదిలో ముగ్గురే ఉన్నారు. అక్క హాజరు పిలుస్తోంది, మాస్టారు పుస్తకంలో టిక్కులు పెడుతున్నాడు, బావ కిటికీ దగ్గర ఏంటెన్నా పైపుకి బిగింపు వేస్తున్నాడు. పదీ పదికి పచ్చ దీపం వెలిగింది. ఆరింది. మళ్లీ వెలిగింది.

"మొదలెట్టాడు," అన్నాడు బావ తల తిప్పకుండా.

అక్క పట్టించుకోలేదు. పట్టించుకోకపోవడం ఆవిడే నేర్చుకుంది, కష్టపడి నేర్చుకుంది. ఏడో మనిషిని పిలిచింది, ఎనిమిదో మనిషిని పిలిచింది. దీపం కాసేపు వెలగడం, కాసేపు ఆగడం. పదింపావుకి పూర్తిగా ఆరిపోయింది. పదీ నలభైకి హాజరు ముగిసింది. అక్క సెట్టు బల్ల మీద పెట్టి మంచినీళ్లు తాగుతుంటే దీపం మళ్లీ వెలిగింది. ఈసారి వెలిగింది వెలిగినట్టే ఉండిపోయింది.

గ్లాసు అక్క నోటి దగ్గరే ఆగింది. హాజరు అయిపోయాక నొక్కుతున్నాడు. అయిపోయాక ఎవర్ని ఏడిపించడానికి? అసలు ఇందాక కూడా ఎప్పట్లా నొక్కిపట్టలేదు. నొక్కాడు, వదిలాడు, ఆగాడు, నొక్కాడు. ఏడిపించేవాడు అలా నొక్కడు. అడిగి, జవాబు కోసం ఆగేవాడు అలా నొక్కుతాడు.

ఫోను చేసింది. తమ్ముడి ఫోను మోగలేదు. సెట్టు లాక్కుని కంప్యూటరుకి తీగ తగిలించింది.

"ఏం చేస్తున్నావు?" అన్నాడు బావ.

"సాదా చానెల్ మళ్లీ పెడుతున్నా."

"నా నోరు చూసి కూడా పెడతావా?" బావ వచ్చి ఆవిడ మణికట్టు పట్టుకున్నాడు. వెల్డరు పట్టు, ఎముకలు నలిగాయి. అక్క ఎడమచేత్తో మొగుడి చెంప పగలగొట్టింది. పద్దెనిమిదేళ్ల కాపురంలో ఆయన మీద చెయ్యెత్తడం అదే మొదలు. మాస్టారు పుస్తకంలోకి తల దించేశాడు. బావ చెయ్యి వదిలేశాడు.

ఫైలు ఎక్కడానికి మూడు నిమిషాలు పడుతుంది. తెర మీద నీలం గీత పాకుతూ ఉంటే అక్క దాన్ని చేత్తో తోసేలా కూర్చుంది. ఎక్కింది. తీగ పీకి, మీట తిప్పింది.

గరగర. దాని వెనక జనరేటరు హోరు. దాని వెనక తమ్ముడి గొంతు.

"...ఎవరన్నా వింటున్నారో లేదో తెలీదు. కొండ మీది టవరు దగ్గరున్నా. బ్యాటరీ గదిలో. ముగ్గురొచ్చారు, రాగి తీగలు కోసుకుపోయారు. టవరు చచ్చింది, ఈ కొండ దగ్గర ఫోన్లు పనిచెయ్యవు. కరెంటు తీగ కొయ్యగానే జనరేటరు తనంతట తనే మొదలైంది. నన్ను పైపులతో కొట్టారు. కుడిచేతి వేళ్లు తలుపు సందున పెట్టి మూశారు. బొత్తాం నొక్కలేక బూటు లేసుతో కట్టేశా. కట్టేశాక ఇక నాకేం వినబడదు. వాళ్లు ఎక్కి వస్తున్నప్పుడే పిలిచా, వేళ్లు బాగున్నప్పుడే పిలిచా. ఎవరూ పలకలేదు."

అక్క సెట్టు శబ్దం పూర్తిగా పెంచింది.

"మొదటి లోడు తీసుకెళ్లారు. బ్యాటరీల కోసం మళ్లీ వస్తామన్నారు. మొహాలు చూశాను కదా, వదలరు. అక్కా, నువ్వు వింటుంటే..." అని దగ్గాడు. దగ్గులో తడి ఉంది. మాట తిరిగి మొదటికొచ్చింది: "ఎవరన్నా వింటున్నారో లేదో..."

అక్క బొత్తాం నొక్కి "తమ్ముడూ, తమ్ముడూ" అంది. బొత్తాం కట్టేసిన సెట్టు పంపుతుందే గాని వినదు, ఆ సంగతి ఆవిడ అందరికీ నేర్పిన పాఠమే. అయినా నాలుగుసార్లు పిలిచింది. మాస్టారు పోలీసులకి ఫోను కలిపాడు. బండి పక్క ఊళ్లో ఉంది, నలభై నిమిషాలంటున్నారని చెప్పాడు.

బావ అప్పటికే పనిముట్ల సంచిలోంచి పొడుగు కర్ర సుత్తి తీశాడు. చెంప మీద భార్య వేళ్లు ఎర్రగా కనబడుతున్నాయి. "వాడి పళ్లు రాలగొడితే నేను రాలగొట్టాలి," అన్నాడు. "ఎవడో దారిన పోయేవాడు కొడితే చూస్తూ కూర్చుంటానా?" అని తన నల్ల సెట్టు నడుముకి తగిలించుకున్నాడు.

"మూడు నిమిషాలు ఆగండి. మీ సెట్టులో కూడా సాదా చానెల్ ఎక్కిస్తా, వాడి మాట మీకూ వినబడుతుంది."

"మూడు నిమిషాలు వాడికున్నాయో లేదో నీకు తెలుసా?"

తెలీదు. అందుకే ఆపలేదు. "మొదటి చానెల్ వాడి సెట్టు పట్టేసింది. రెండో చానెల్లో పలకండి," అంది వెనకనుంచి. మోటారు సైకిలు వీధి మలుపు తిరిగిన చప్పుడు వినబడింది.

అక్క రెండు సెట్లు ముందు పెట్టుకుంది. ఎడమ పక్కన సాదా చానెల్ ఎక్కించిన తన సెట్టు, అందులో తమ్ముడు. కుడి పక్కన మాస్టారి నల్ల సెట్టు, అందులో బావ. ఒకరి మాట ఇంకొకరికి వినబడదు, ఇద్దరి మాటా తనకి వినబడుతుంది. ఎవరికి మొక్కాలో తెలియక రెండిటికీ మొక్కింది.

"మిల్లు దాటా," అన్నాడు బావ కుడి సెట్టులోంచి. ఎంత తేటగా ఉందంటే బల్లకి అవతల నిలబడి చెప్పినట్టుంది. ఎనిమిది నిమిషాలకి మళ్లీ పలికాడు. "కొండ కింద వాన్ ఒకటి పైకి తిరుగుతోంది. ముగ్గురున్నారు. వీళ్లే."

"పోలీసులొస్తున్నారు, ఆగండి."

"వీళ్లు నా కంటే ముందు పైకెక్కితే పోలీసులొచ్చి ఏం చేస్తారు?" అన్నాడు. ఆయన బొత్తాం వదలడం మర్చిపోయినట్టున్నాడు, తర్వాతదంతా వినబడింది. అద్దం పగిలింది. ఎవడో బూతు తిట్టాడు. సుత్తి రేకుని కొట్టింది, ఇంకోసారి మెత్తటిదాన్ని కొట్టింది, ఆ మెత్తటిది అరిచింది. బావ మూలిగాడు. వాన్ ఇంజను గీపెట్టి, ఏదో గోతిలో పడ్డట్టు ధడేలుమని ఆగిపోయింది. పరుగెత్తుతున్న కాళ్లు. తర్వాత బావ ఊపిరి.

"పారిపోయారు ముగ్గురూ. ఒకడి చెయ్యి విరిచా. నాకు చెవి తెగింది, పర్లేదు." కొంచెం నవ్వు కూడా ఉంది గొంతులో. "నా బండి వంగిపోయింది, నడిచి ఎక్కుతున్నా. ఇక భయం లేదే. ఏడవకు."

అక్క నిజంగానే ఏడుస్తోంది. గండం గడిచిందనుకుంది. మాస్టారు భుజం తట్టి, టీ పెట్టుకొస్తానని లేచాడు.

అప్పుడు ఎడమ సెట్టులో తమ్ముడి గొంతు మారింది. ఇందాకటిలా చెప్పుకుంటూ లేదు, పళ్ల మధ్య నుంచి వస్తోంది.

"కళ్లల్లోకి రక్తం కారుతోంది, ఏం కనబడట్లేదు. పెద్ద రెంచి ఉంది, ఎడమచేత్తో పట్టుకున్నా. తలుపు పక్కనే నిలబడ్డా. రానీ. మొదట తలుపు తీసినవాడి తల రెండు ముక్కలు చేస్తా. ఎలాగూ చచ్చేదే, ఒకణ్ణి తీసుకుపోతా."

అక్క కుడి సెట్టు బొత్తాం నొక్కింది. "ఏమండీ, తలుపు తియ్యకండి. వాడు తలుపు పక్కనే ఉన్నాడు, కొట్టేస్తాడు. ముందు మీ పేరు చెప్పండి. గట్టిగా చెప్పండి."

జవాబు లేదు. దారి కొండ అవతలికి తిరుగుతుంది, బావ ఆ మలుపులో పడ్డట్టున్నాడు. పాత పద్ధతైతే గరగర మధ్యలో ఒక ముక్కయినా చేరేది, సగం మాటయినా చేరేది. డిజిటల్ అలా కాదు, అందితే అద్దంలా అందుతుంది, అందకపోతే చచ్చినట్టు ఊరుకుంటుంది. అది ఆవిడకి బాగా తెలుసు. నెల్లాళ్లు పరీక్షలు చేసి, బాగుందని చెయ్యెత్తింది తనే. సాదా చానెల్ ఆ సెట్టులో ఉండి ఉంటే తమ్ముడన్న మాట ఆయన చెవిలోనే పడేది. మూడు నిమిషాల పని. చెరిపినప్పుడూ మూడు నిమిషాలే పట్టింది.

"తలుపు తియ్యకండి. ఏమండీ. తలుపు తియ్యకండి."

మాస్టారు గుమ్మంలో నిలబడిపోయాడు. అక్క కుర్చీలోంచి లేచి, కిటికీ దగ్గరికెళ్లి, సెట్టు బయటికి చాచి అరుస్తోంది. దూరంగా కొండ, దాని నెత్తిన సన్నగా టవరు. అంత దూరం నుంచి అక్కడ ఏమీ జరుగుతున్నట్టు లేదు.

ఎడమ సెట్టులో జనరేటరు హోరు ఒక్కసారిగా పెరిగింది. తలుపు తెరుచుకుంది. ఎవరో ఏదో అన్నారు, హోరులో కలిసిపోయింది. రెంచి దిగింది. గోనెబస్తా దించినట్టు ఒక చప్పుడు. తమ్ముడు ఆగలేదు. రెండోది, మూడోది, నాలుగోది, ప్రతి దెబ్బకీ కేక పెడుతూ కొట్టాడు. అక్క ఇవతల ప్రతి దెబ్బకీ "వద్దు, తలుపు తియ్యకండి" అంటూనే ఉంది, బొత్తాం నొక్కే ఉంది.

"ఇంకొకడు రండిరా," అన్నాడు తమ్ముడు. ఎవరూ రాలేదు. రొప్పుతున్నాడు.

ఆ రొప్పు వెనక నుంచి ఎడమ సెట్టులో ఇంకో గొంతు వచ్చింది. ఆడగొంతు, తేటగా ఉంది. "తలుపు తియ్యకండి ఏమండీ, లోపల తమ్ముడున్నాడు, మీ బావమరిది..." అక్కకి అది ఎవరి గొంతో ఒక్క క్షణం తెలియలేదు. తన గొంతే. పడిపోయిన మనిషి నడుముకున్న నల్ల సెట్టుకి, కొండ నెత్తికొచ్చాక, ఇప్పుడు సిగ్నల్ అందింది. అందులోంచి బయటికొస్తున్న ఆవిడ మాట, తమ్ముడి కట్టేసిన బొత్తాం మీదుగా తిరిగి ఆవిడ దగ్గరికే వస్తోంది. ఆవిడ నోరు మూసింది. అక్కడా ఆగిపోయింది.

జనరేటరు ఒక్కటే మోగుతోంది. రెంచి నేల మీద పడింది.

"అక్కా," అన్నాడు తమ్ముడు. తడుముకుంటున్నాడు, బట్ట చప్పుడు వినబడుతోంది. "అక్కా, ఈ సెట్టులో నువ్వెందుకున్నావు? ఇది ఎవరి దగ్గర..." తర్వాత వచ్చింది మాట కాదు. "బావా. బావా, లే. లే బావా, నేను బావా."

అక్క గోడకి ఆనుకుని కింద కూర్చుంది. రెండు సెట్లూ ఒళ్లో ఉన్నాయి. ఇప్పుడు తను పలికితే వాడికి వినబడుతుంది, మొగుడి నడుము మీంచి వినబడుతుంది. వాణ్ణి తిట్టాలి. చంపెయ్యాలి. అడగాల్సింది అడిగింది.

"ఊపిరుందా?"

వాడు వంగి చెవి ఆనించినట్టుంది, సెట్టుకి బట్ట రాసుకుంది. "లేదక్కా."

ఆవిడకి ఒళ్లంతా మంటెత్తింది. కొండ ఎక్కి వాడి గొంతు తన రెండు చేతులతో పిసకాలనిపించింది. పద్దెనిమిదేళ్లు పక్కన పడుకున్న మనిషి అక్కడ తల పగిలి పడున్నాడు, చంపినవాణ్ణి తనే పెంచింది. గుండె బాదుకోవడానికి చెయ్యెత్తింది, చేతిలో సెట్టుంది. లేచి కిటికీలోంచి చూస్తే కొండ దారి పై కొసన దుమ్ము లేస్తోంది, అందులో ఎర్ర దీపం తిరుగుతోంది. పోలీసు బండి. నలభై నిమిషాలన్నవాళ్లు ముందే వచ్చేశారు.

"అక్కా, బయట ఏదో కదులుతోంది," అన్నాడు తమ్ముడు. రెంచి మళ్లీ సిమెంటు మీద గీసుకుంది. "వస్తున్నారు. ఈసారి ఒక్కణ్ణీ వదలను. బావని..."

అక్క బొత్తాం నొక్కింది.

"ఒరే, వినరా. ఆ రెంచి పారెయ్. వచ్చేది పోలీసులు. చేతులు పైకెత్తి, బావ పక్కన కూర్చో. నేను చెప్పేదాకా కదలకు. వినబడిందా?"

"వినబడిందక్కా," అన్నాడు వాడు.